కంపెనీలను కొంటూ పెరిగే కంపెనీ షేరు కొనబోయే ముందు

మొన్న రాత్రి షాపు షట్టరు సగం దించానో లేదో పార్వతీపురం నుంచి మా బావ ఫోన్. "ఏరా, ఆ కంపెనీ ఇంకో కంపెనీని కొనేసిందట, టీవీలో ఒకటే ఊదరగొడుతున్నారు. పొద్దున్నే ఓ వంద షేర్లు పడేయనా?" అని. ఆగు బావా, రాసి పంపుతానన్నాను. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే అది పెరిగి పెరిగి ఇంతయింది. నేను సెబీ (షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సంస్థ) దగ్గర రిజిస్టరైన సలహాదారుని కాను, రాయగడలో బట్టల షాపు నడుపుకునేవాణ్ణి, షేర్లలో పదిహేనేళ్ళుగా సంపాదించిందీ ఉంది, పోగొట్టుకున్నదీ ఉంది. కింద వచ్చే కంపెనీల పేర్లన్నీ ఉదాహరణకే. ఇవి కొనండి, అవి అమ్మండి అని చెప్పడం లేదు.

ముందు మా చిన్న మావయ్య షాపు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం నాకు బుర్రకెక్కింది అక్కడే.

గుణుపురంలో ఆయనది కిరాణా హోల్‌సేల్. పక్క వీధిలో ఒక పెద్దాయన షాపు ఎత్తేసి భువనేశ్వర్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతుంటే మావయ్య ఆ షాపు 18 లక్షలకి కొన్నాడు. అందులో సరుకు 9 లక్షలు, ఖాతా పుస్తకంలో ఊరి నుంచి రావలసిన అరువులు 4 లక్షలు, మిగిలిన 5 లక్షలు గుడ్‌విల్, అంటే షాపు మంచిపేరుకి ఇచ్చింది. ఆ దసరాకి అమ్మకం రెండింతలు, గల్లాపెట్టె మూతపడటం లేదు, మావయ్య నేల మీద లేడు. సంక్రాంతికి అత్తయ్య లెక్క వేసింది. అరువుల్లో వసూలైంది లక్షన్నర. మిగతావాళ్ళు "మేము ఇవ్వాల్సింది ఆ పెద్దాయనకి, మీకు కాదు" అన్నారు. దసరాకి వచ్చిన డబ్బంతా కొన్న షాపులోని పాత సరుకు అమ్మగా వచ్చినదే, అరలు మళ్ళీ నింపాలంటే చేతి నుంచి పెట్టాలి. బరంపురంలో తెచ్చిన అప్పుకి వడ్డీ నెలనెలా నడుస్తూనే ఉంది. "ఏమండీ, షాపులు రెండయ్యాయి సరే, ఒక్క షాపు ఉన్నప్పుడు పండక్కి చేతిలో మిగిలినదానికంటే ఇప్పుడు ఎక్కువ మిగిలిందా?" అని అడిగింది. మావయ్య వక్కపొడి డబ్బా వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

కొంటూ పెరిగే కంపెనీని అడగాల్సింది కూడా అత్తయ్య అడిగిన ఆ ప్రశ్నే. ఇక్కడ ఖాతా పుస్తకం బదులు యాన్యువల్ రిపోర్టు ఉంటుంది, అంతే తేడా.

పాత షాపు ఎంత పెరిగింది?

కంపెనీ అమ్మకాలు 40 శాతం పెరిగాయని హెడ్‌లైన్ వస్తే ముందు విడగొట్టాల్సింది ఇదే: పాత వ్యాపారం తనంతట తాను ఎంత పెరిగింది, కొనుక్కొచ్చి కలిపింది ఎంత. చాలామంది యాజమాన్యం చెప్పిన మాట నమ్మి ఊరుకుంటారు, కానీ మనమే తీసుకోవచ్చు. కన్సాలిడేటెడ్, అంటే కంపెనీవీ దాని పిల్ల కంపెనీలవీ కలిపిన లెక్కల కింద నోట్స్‌లో బిజినెస్ కాంబినేషన్స్ అని ఒక నోట్ ఉంటుంది. ఇండ్ ఏఎస్ 103 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, ఆ ఏడాది చెప్పుకోదగ్గ కంపెనీని కొని ఉంటే, కొన్న రోజు నుంచి మార్చి 31 దాకా దాని అమ్మకం ఎంత, లాభం ఎంత, ఏడాది మొదట్లోనే కొని ఉంటే ఎంత ఉండేది అనేవి అక్కడ చెప్పాలి. మొత్తం అమ్మకంలోంచి ఆ ముక్క తీసేసి పోయినేటితో పోల్చండి. 40 కాస్తా 6 అయిపోయిన సందర్భాలు నేను చూశాను. 6 అంటే ధరల పెరుగుదలకే సరిపోయింది, సరుకు పరిమాణంలో కదలికే లేదన్నమాట.

అదే రిపోర్టులో ఏఓసీ-1 అని ఇంకో పట్టిక ఉంటుంది, సాధారణంగా డైరెక్టర్ల నివేదిక అనుబంధాల్లోనో చివరి పేజీల్లోనో. చిన్న అక్షరాలు, ఫోన్‌లో చూస్తే కళ్ళు లాగేస్తాయి. నేను మాత్రం అన్నిటికంటే ముందు తెరిచేది దాన్నే. కంపెనీ చేతిలో ఉన్న ప్రతి సబ్సిడరీకీ, అంటే పిల్ల కంపెనీకీ, టర్నోవరెంత, పన్నుకి ముందు లాభమెంత, ఆస్తులెంత, అప్పులెంత అని వరసగా ఉంటుంది. ఐదేళ్ళ రిపోర్టులు దింపుకుని, కొన్న ఒక్కో కంపెనీ పేరు పక్కన ఐదేళ్ళ లాభం రాసుకుంటూ వెళ్ళండి. కొన్నప్పుడు ప్రెస్ నోట్‌లో అద్భుతం అన్న కంపెనీ మూడో ఏట నష్టాల్లో ఉందా, లేక పేరే మాయమైపోయి ఇంకోదాంట్లో విలీనమైపోయిందా? విలీనం తప్పేం కాదు. కాకపోతే కొన్నవన్నీ రెండేళ్ళు తిరక్కుండానే విలీనమైపోతుంటే ఇక దేని లెక్కా విడిగా తీయలేం. అలాంటప్పుడు నాకు కాస్త టెన్షనే.

పెట్టిన రూపాయికి వచ్చిందెంత?

దీనికి కాలిక్యులేటర్ చాలు. ఒక ఊహాజనిత కంపెనీ తీసుకుందాం. ఐదేళ్ళ క్యాష్‌ఫ్లో స్టేట్‌మెంట్లలో (నగదు రాకపోకల లెక్క), ఇన్వెస్టింగ్ భాగంలో, సబ్సిడరీల కొనుగోలుకి చెల్లించిన నగదు కూడితే 900 కోట్లు వచ్చింది. కొన్న కంపెనీలతో పాటు వచ్చిపడ్డ అప్పులు 300 కోట్లు. మొత్తం 1,200 కోట్లు. ఈ ఐదేళ్ళలో పన్ను పోగా నిర్వహణ లాభం 80 కోట్ల నుంచి 190 కోట్లకి వెళ్ళింది. చూడటానికి రెండింతలు దాటింది, షేరూ పరిగెత్తింది. పాత వ్యాపారం ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతోందనుకుంటే, ఏమీ కొనకపోయినా ఆ 80 కోట్లు ఈపాటికి 117 కోట్ల చిల్లర అయ్యేవి. పెరిగిన 110లో ఆ 37 పాత షాపుదే. కొన్నవాటి నుంచి వచ్చింది 73 కోట్లు. 1,200 మీద 73 అంటే 6 శాతం. పోస్టాఫీసులో వేసుకున్నా అటూ ఇటూగా అంతే వచ్చేది, పైగా అందులో విలీనాలూ ఉండవు, విమాన ప్రయాణాలూ ఉండవు.

ఇలా తేలిన శాతం 15కి పైన ఉంటే నేను కూర్చుని మిగతా రిపోర్టు చదువుతాను. 10 లోపుంటే యాజమాన్యం ఎంత తియ్యగా మాట్లాడినా పక్కన పెట్టేస్తాను. 10కీ 15కీ మధ్యలో ఉంటే కొన్నవి ఇంకా కొత్తవా, కుదురుకోడానికి టైము పడుతుందా అని చూస్తాను. ఇది నా కొలత, ఎవరి కొలత వాళ్ళది.

ఒక జాగ్రత్త. కంపెనీలు ప్రెజెంటేషన్లలో గుడ్‌విల్ తీసేసి రిటర్న్ ఆన్ క్యాపిటల్ (పెట్టిన డబ్బు మీద రాబడి) చూపిస్తాయి. అలా చూపిస్తే 35 శాతం, 50 శాతం అని ఘనంగా కనిపిస్తుంది. కొన్న ఫ్యాక్టరీ ఎంత మంచిదో తెలుసుకోడానికి ఆ అంకె పనికొస్తుంది, నిజమే. కానీ కొన్నవాడు తెలివైనవాడా కాదా అన్నది తెలియాలంటే గుడ్‌విల్ కలిపే లెక్కపెట్టాలి. మావయ్య ఇచ్చిన ఆ 5 లక్షలు ఆయన జేబులోంచి పోయిన డబ్బే కదా.

ఈ గుడ్‌విల్‌తో ఇంకో తిరకాసు ఉంది. మన కొత్త అకౌంటింగ్ ప్రమాణాల్లో గుడ్‌విల్‌ని ఏటా కొంచెం కొంచెంగా ఖర్చు రాయరు, ఏడాదికోసారి దాని విలువ తగ్గిందా లేదా అని పరీక్ష మాత్రం చేస్తారు. అదే బ్రాండు, కస్టమర్ల జాబితా లాంటివాటికి ఆయుష్షు ఇంత అని లెక్కగడితే అన్నేళ్ళలో ఖర్చు రాయాలి, లాభం ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. అందుకే కొన్న ధరలో గుడ్‌విల్ పేరిట ఎంత పెట్టారు, మిగతావాటి కింద ఎంత పెట్టారు అన్నది గమనించండి. బ్యాలెన్స్ షీటులో గుడ్‌విల్ నెట్‌వర్త్‌లో (అప్పులు పోగా వాటాదారులకి మిగిలేదాంట్లో) సగం దాటితే, ఒక్క చెడ్డ ఏడాదిలో ఆ పరీక్ష ఫెయిలై పెద్ద నష్టం రాసే అవకాశం ఉందని ముందే గుర్తు పెట్టుకోండి. అప్పుడు దాన్ని అసాధారణ అంశం అంటారు. ఏటేటా వచ్చే అసాధారణ అంశాన్ని నేను మామూలు ఖర్చుగానే లెక్కేసుకుంటాను.

డబ్బు ఎవరిది?

గోపాల్‌పూర్ పోర్టు మన బరంపురం పక్కనే. 2024లో అదానీ పోర్ట్స్ అందులో 95 శాతం వాటా కొంది. వార్తల్లో ఒకచోట 1,349 కోట్లు అని, ఇంకోచోట 3,080 కోట్లు అని వచ్చింది, మా వాళ్ళు ఏది నిజం అని కొట్టుకున్నారు. రెండూ నిజమే. 1,349 కోట్లు ఆ 95 శాతం షేర్లకి అమ్మినవాళ్ళకి ఇచ్చింది. 3,080 కోట్లు పోర్టు మొత్తం విలువ, అంటే పోర్టు నెత్తిన ఉన్న అప్పును కూడా కలుపుకుని. అప్పుతో ఉన్న ఇల్లు కొంటే అప్పు కూడా మనదే కదా. కాబట్టి ఏ కొనుగోలు వార్త చూసినా పెద్ద అంకె వెతకండి, దాన్ని అమ్ముడుపోయిన కంపెనీ నిర్వహణ లాభంతో పోల్చండి. ఇదే కంపెనీ ధామ్రా, కృష్ణపట్నం, గంగవరం కూడా ఇలాగే కొనుక్కుంటూ వచ్చింది కాబట్టి, అలాంటిదాన్ని చదవాలనుకునేవాళ్ళకి ఒక్కో పోర్టు కొన్న ఏడూ, తర్వాత అక్కడ దిగిన సరుకు టన్నులూ పక్కపక్కన రాసుకుంటే బోలెడంత తెలుస్తుంది.

లిస్టయిన కంపెనీని కొంటే ఇంకో మెలిక: 25 శాతం గానీ అంతకు మించి గానీ వాటా కొంటే, మిగతా వాటాదారుల దగ్గర కనీసం ఇంకో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలని సెబీ రూలు. 2024లో అల్ట్రాటెక్ కంపెనీ, ఇండియా సిమెంట్స్ కంపెనీలో 32.72 శాతం వాటాని షేరుకి 390 రూపాయల చొప్పున 3,954 కోట్లకి కొంటానన్నప్పుడు, దాని వెంటే 26 శాతానికి ఓపెన్ ఆఫరూ వచ్చింది. మొదటి అంకె చూసి సరిపెట్టుకుంటే సగం ఖర్చే చూసినట్టు.

ఇక డబ్బు మూడు దారుల్లో వస్తుంది: సొంత లాభం, అప్పు, కొత్త షేర్లు. సొంత లాభంతో కొనేవాళ్ళు తప్పు చేసినా కంపెనీ మునగదు. అప్పుతో కొంటే వడ్డీకి ఎన్ని రెట్లు లాభం ఉందో, ఒక ఏడాది లాభం సగానికి పడిపోతే కూడా కట్టగలరో లేదో చూడాలి. మూడో దారి అన్నిటికంటే మాయదారిది, దాన్ని లెక్కతో చూద్దాం.

ఒక కంపెనీకి లాభం 100 కోట్లు, షేర్లు 10 కోట్లు, అంటే షేరుకి 10 రూపాయల లాభం. మార్కెట్ మోజు పడి 40 పీఈ ఇచ్చింది, అంటే షేరు లాభానికి 40 రెట్ల ధర, షేరు 400. ఈ కంపెనీ 50 కోట్ల లాభం ఉన్న ఒక చిన్న కంపెనీని 12 పీఈకి, అంటే 600 కోట్లకి కొంది. డబ్బు కాదు, 400 రూపాయల షేర్లు కోటీ యాభై లక్షలు ఇచ్చింది. ఇప్పుడు లాభం 150 కోట్లు, షేర్లు 11.5 కోట్లు, షేరుకి 13 రూపాయల పైచిలుకు. ఒక్క సబ్బుబిళ్ళ అదనంగా అమ్మకుండా షేరు లాభం 30 శాతం పెరిగింది! టీవీలో వృద్ధి అంటారు, పీఈ ఇంకా పెంచుతారు, ఆ ఖరీదైన షేర్లతో ఇంకోటి కొంటారు. మార్కెట్ మూడ్ మారి పీఈ 20కి దిగితే షేరు 261. అలాంటి 600 కోట్ల కంపెనీనే మళ్ళీ కొనాలంటే 2.3 కోట్ల షేర్లు ఇవ్వాలి, పెరుగుదల 11 శాతమే. పీఈ 12కి దిగితే ఎంత కొన్నా పెరుగుదల సున్నా. పెరుగుదల ఆగింది కాబట్టి పీఈ ఇంకా పడుతుంది. చక్రం అలా వెనక్కి తిరిగితే పైన కొన్నవాడి పని గోవిందా.

అందుకే పదేళ్ళ షేర్ల సంఖ్య చూడండి. కెనడాలో కాన్‌స్టెలేషన్ సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ ఉంది, మార్క్ లియొనార్డ్ 1995లో పెట్టింది. వందల కొద్దీ చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలని కొంది, అయినా 2006లో మార్కెట్‌కి వచ్చాక కూడా దాని షేర్లు 2 కోట్ల 12 లక్షల దగ్గరే ఉండిపోయాయి. ఎక్కువగా లాభం వచ్చిందే తిప్పి పెట్టారు. మన దగ్గర అంత శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం, కానీ పోల్చుకోడానికి ఒక కొలబద్ద ఉండాలి కదా.

ఏ ఏడు కొన్నారు?

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకైతే చాలా ముఖ్యం. 2007 ఏడాది ఒక్కటే తీసుకోండి. టాటా స్టీల్ యూరప్ ఉక్కు కంపెనీ కోరస్‌ని కొంది, షేరుకి 455 పెన్సుల దగ్గర మొదలైన ధర బ్రెజిల్ కంపెనీతో పోటీలో 608 పెన్సుల దగ్గర తేలింది. హిందాల్కో అల్యూమినియం రేకుల కంపెనీ నోవెలిస్‌ని అప్పుతో కలిపి సుమారు 600 కోట్ల డాలర్లకి కొంది. సుజ్లాన్ జర్మనీలో గాలిమరల కంపెనీ రీపవర్ కోసం ఫ్రాన్స్ కంపెనీతో పోటీపడి గెలిచింది. కాగితం కంపెనీ బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ మలేషియాలో సబా ఫారెస్ట్ ఇండస్ట్రీస్‌ని సుమారు 26 కోట్ల డాలర్లకి కొంది. అందరికీ అప్పు తేలిగ్గా దొరికింది, అందరూ దేశం గర్వించాలన్నారు, మరుసటి ఏడే ప్రపంచం కుదేలైంది.

నాలుగింటిదీ ఒకే దారి కాలేదు, అది ఇంకా ఆసక్తి. సుజ్లాన్ 2012లో విదేశీ బాండ్లు తీర్చలేక చేతులెత్తేసి, 2015లో ఆ జర్మన్ కంపెనీని 100 కోట్ల యూరోలకి అమ్మేసింది. కోరస్ నుంచి వచ్చిన, బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బోట్ బ్లాస్ట్ ఫర్నేసులు ఏళ్ళ తరబడి నష్టాలు మూటగట్టి 2024లో ఆరిపోయాయి. నోవెలిస్‌కి మాత్రం మొదట్లో కొన్ని కూల్‌డ్రింకు క్యాన్ల రేకు కాంట్రాక్టుల్లో ధర మీద పరిమితి ఉండి రక్తం కారినా, అవి తీరిపోయాక అదే హిందాల్కోకి వెన్నెముక అయింది, 2020లో దాని చేతే అలెరిస్ అనే ఇంకో అల్యూమినియం కంపెనీనీ కొనిపించారు. హిందాల్కో మాకు పరాయిది కాదు, మా జిల్లాలో ఉత్కళ్ అల్యూమినా దానిదే. షేరు పట్టుకున్నవాళ్ళు మధ్యలో ఎన్నేళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోవాలో నోవెలిస్ కథ చదివితే తెలుస్తుంది. మంచి కొనుగోలు అయినా పండగ ఏడు కొంటే పండటానికి పదేళ్ళు పట్టొచ్చు.

దీన్నుంచి నేను తీసుకున్న అలవాటు ఒకటుంది. కంపెనీ కొనుగోళ్ళ జాబితా రాసి పక్కన ఏడాది వేస్తాను. అందరూ కొంటున్న ఏళ్ళలోనే ఇదీ ఎగబడిందా, లేక అందరూ భయపడి అమ్ముకుంటున్న ఏళ్ళలో కొందా? వేలంలో గెలిచిందా, ఎవరూ రాని చోట కొందా? మదర్‌సన్ కంపెనీ 2009లో విజియోకార్ప్‌ని, అంటే కార్లలో వెనక చూసుకునే అద్దాలు చేసే కంపెనీని, మాంద్యం మధ్యలో కష్టాల్లో ఉండగా కొంది. కస్టమర్లు అడిగితేనే కొంటామని చెప్పుకుంటారు వాళ్ళు. పెట్టుబడి మీద 40 శాతం రాబడి అని లక్ష్యం పెట్టుకుంటారు. లక్ష్యం అందిందా లేదా అన్నది ప్రతి ఐదేళ్ళకీ మనం సరిచూసుకోవచ్చు, అందుకే అలా ముందే అంకె చెప్పే యాజమాన్యం నాకు నయం.

రెండు కాగితం మిల్లులు

మా జేకేపూర్ కాగితం మిల్లు నాగావళి పక్కన 1960ల నుంచి ఉంది. గాలి ఇటు తిరిగితే ఊరంతా ఆ వాసన, కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు, మాకు అలవాటే. దాని యజమాని జేకే పేపర్ 2018లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) ద్వారా సిర్పూర్ పేపర్ మిల్లుని తీసుకుంది, కాగజ్‌నగర్‌లో 2014 నుంచి మూతపడి ఉన్నది. 2022 డిసెంబరులో అట్టపెట్టెలు చేసే హొరైజన్ ప్యాక్స్, సెక్యూరిప్యాక్స్ కంపెనీల్లో 85 శాతం చొప్పున కొంది. బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌కి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో అసలు మిల్లు, మన వైపు జయపురం దగ్గర సేవా మిల్లు. అదీ కొంటూనే పెరిగింది, మలేషియా దాకా వెళ్ళింది, అప్పు మీద అప్పు పేరుకుని 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ అసలు మిల్లున్న బల్లార్షాలోని మన తెలుగువాళ్ళని అడిగితే ఆ ఏళ్ళ సంగతి చెప్తారు.

రెండూ కాగితమే, రెండూ కొనుగోళ్ళే. తేడా ఎక్కడ వెతకాలి? ఒకటి తెలిసిన వ్యాపారంలో, రైల్లో వెళ్ళొచ్చే దూరంలో ఉన్న మిల్లుని, అప్పులవాళ్ళు వదిలించుకుంటున్న ధరకి కొంది. రెండోది సముద్రం అవతల, వేరే చట్టాలు, వేరే అడవి, డాలరు అప్పు. అలాగని జేకే పేపర్‌కి దిగులేమీ లేదని నేను అనడం లేదు. కాగితం ధర పడితే లాభం అమాంతం పడుతుంది, దిగుమతి కాగితం ఒత్తిడి ఉంది, అట్టపెట్టెల వ్యాపారంలో మార్జిన్ పలచన. నేను చూసేది కొన్నది పాత వ్యాపారానికి ఎంత దగ్గర, ఎంత చిన్నది అని. తన సైజులో పదో వంతు ఉన్నవి పది కొన్న కంపెనీ రెండు తప్పులు చేసినా బతుకుతుంది. తనకి సమానమైనదాన్ని ఒక్కటి కొన్న కంపెనీకి తప్పు చేసే హక్కు లేదు.

అమ్మేవాడు ఎవరు?

2008 డిసెంబరు 16న సత్యం కంపెనీ మేటాస్ ప్రాపర్టీస్‌నీ మేటాస్ ఇన్‌ఫ్రానీ 160 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించడం, అవి సత్యం ప్రమోటర్ (పెట్టి నడిపినవాడు) రామలింగరాజు కుటుంబానివే కావడంతో ఇన్వెస్టర్లు గొడవ చేయడం, గంటల్లో వెనక్కి తగ్గడం, 2009 జనవరి 7న లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ ఆయన ఉత్తరం రావడం మన వాళ్ళెవరూ మరిచిపోలేదు. ఖాతాల్లో లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులు తెచ్చిపెట్టడానికి ఆ కొనుగోలు చివరి ప్రయత్నం అని ఆ ఉత్తరంలోనే ఉంది. కాబట్టి ప్రమోటర్ తన ప్రైవేటు కంపెనీనో, బావమరిది కంపెనీనో లిస్టయిన కంపెనీ చేత కొనిపిస్తుంటే, ధర ఎవరు కట్టారు, చిన్న వాటాదారుల ఓటు ఏమైంది అని చూడండి. నాకు అనుమానం వస్తే అక్కడితో ఆపేస్తాను, మిగతా లెక్కలు బాగున్నా సరే. బ్యాంకులో నగదు గుట్టలుగా ఉందని చెప్పుకుంటూనే కొనడానికి అప్పు చేస్తున్నా అదే అనుమానం.

బయటివాడి నుంచి కొన్నా అమ్మేవాడికి మనకంటే ఎక్కువ తెలుసన్నది మరవకూడదు. 2008లో జపాన్ కంపెనీ దైచీ శాంక్యో మన మందుల కంపెనీ రాన్‌బాక్సీని షేరుకి 737 రూపాయలకి కొంది, తర్వాత అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏతో గొడవల్లో ఇరుక్కుని, అమ్మినవాళ్ళు విషయాలు దాచారని ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తుల తీర్పుకి) వెళ్ళింది. అదే రాన్‌బాక్సీకి 2014లో సన్ ఫార్మా కట్టిన ధర షేరుకి 457. ఒకే కంపెనీ, ఆరేళ్ళ తేడా, లోపాలు బయటపడ్డాక కొన్నవాడికి చవక.

నేను ఎక్కడ దెబ్బతిన్నాను

పేరు చెప్పను. వైద్య పరికరాల తయారీ కంపెనీ, ఏడాదికో విదేశీ కంపెనీని కొనేది. లాభం ఏటా 30 శాతం పెరిగేది, పీఈ చవక, డివిడెండూ ఇచ్చేది. నేను లాభమే చూశాను. క్యాష్‌ఫ్లో చూడలేదు. రావలసిన బాకీలు మొదట 90 రోజుల అమ్మకానికి సమానంగా ఉంటే మూడేళ్ళలో 200 రోజులు దాటాయి, అమ్మిన సరుకుకి డబ్బు రావడం లేదన్నమాట. కొత్త కంపెనీని కొన్న ప్రతిసారీ దాని సరుకూ బాకీలూ నగదుగా మారి ఆ ఏడు క్యాష్‌ఫ్లో బాగున్నట్టు కనిపించేది, అచ్చం మావయ్య దసరా గల్లాపెట్టె లాగే. కొనడం ఆగిన ఏడు అంతా బయటపడింది. నేను పెట్టిన లక్షా డెబ్భై వేలలో ఇరవై రెండు వేలు చేతికొచ్చాయి. మా ఆవిడ ఇప్పటికీ కొత్త ఫ్రిజ్ మాట వస్తే ఆ కంపెనీ పేరు ఎత్తుతుంది.

అప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో ప్రతి కంపెనీకీ ఒక పేజీ. వరసగా ఐదేళ్ళు: నిర్వహణ నుంచి వచ్చిన నగదు, అందులోంచి మామూలు యంత్రాల ఖర్చు పోగా మిగిలింది, కొనుగోళ్ళకి పోయింది, అప్పు, షేర్ల సంఖ్య, బాకీల రోజులు, గుడ్‌విల్. ఏడు గడులు, ఐదు వరసలు. ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

ధర విషయంలో నాది మొరటు పద్ధతి. ఇప్పటికే కొని లాభం చూపిస్తున్నవాటికే విలువ కడతాను. ముందు ముందు కొనబోయేవాటికి ఒక్క రూపాయి కూడా ఇవ్వను, ఎందుకంటే అవి ఇంకా లేవు, వాటి ధర ఎవరికీ తెలియదు. మంచి పేరున్న కొనుగోలు కంపెనీలకి మార్కెట్ ఆ రాబోయే కొనుగోళ్ళకీ ముందే డబ్బు కట్టేస్తుంది కాబట్టి ఈ లెక్కన నాకు చాలాసార్లు షేరు దొరకదు. దొరకనివ్వండి. ఇంకోటి, కంపెనీ పెద్దదయ్యే కొద్దీ చిన్న కొనుగోళ్ళు అంకెల్లో కనపడవు, పెద్దవి కొనాల్సి వస్తుంది, పెద్దవాటి వేలానికి అందరూ వస్తారు, రాబడి తగ్గుతుంది. కాబట్టి పాతికేళ్ళ చరిత్ర బాగుందని అదే వేగం ఇంకో పాతికేళ్ళు ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

కొన్నాక అమ్మేది ఎప్పుడంటే, నాకు మూడు గుర్తులు. ఎప్పుడూ చిన్నవి కొనేవాళ్ళు ఉన్నట్టుండి తమంతటిదాన్ని కొనడం. ఇన్నాళ్ళూ కొన్న వ్యాపారంతో సంబంధం లేనిది కొనడం, పైపుల కంపెనీ ఆస్పత్రి కొన్నట్టు. ఫైనాన్స్ అధికారి, ఆడిటర్ ఏడాది తిరక్కుండా ఇద్దరూ మారిపోవడం. మూడో గుర్తు కనబడితే కారణం తెలుసుకునేదాకా కూడా ఆగను.

ఇదంతా బావకి పంపితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్. "ఆ ఏఓసీ-1 ఏ పేజీలో ఉంటుందిరా, మూడు వందల పేజీలున్నాయి దీంట్లో" అన్నాడు. పీడీఎఫ్‌లో వెతికే చోట ఏఓసీ అని కొట్టు బావా అన్నాను.